పట్టేసిన కీళ్లకు హస్తచికిత్స: మేలు ఎంత, హద్దు ఎక్కడ?

వండూర్ (అండమాన్ నికోబార్ దీవులు): శ్రీ విజయపురానికి సుమారు 25–30 కిలోమీటర్ల దూరంలో, దక్షిణ అండమాన్ పడమటి తీరాన వండూర్ గ్రామం ఉంది. 1983లో ఏర్పాటైన మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానానికి ఇదే ముఖద్వారం. జాలీబాయ్, రెడ్‌స్కిన్ దీవులకు పర్యాటక పడవలు ఇక్కడి రేవు నుంచే బయలుదేరుతాయి. పడవ నడపడం, వల లాగడం, తాడు గుంజడం, సామాను దించడం, వానకాలంలో పొలంలో వంగి పనిచేయడం వంటి పనులన్నీ భుజం, నడుము, మోకాలి బలంపైనే సాగుతాయి. భుజం పట్టేస్తే వేట ఆగుతుంది. నడుము పట్టేస్తే ఆ రోజు కూలి పోతుంది.

ఇటువంటి నొప్పులకు మందుబిళ్లతోనో, నూనె మర్దనతోనో సరిపెట్టుకోవడం తరతరాల అలవాటు. వీటికి భిన్నంగా, శిక్షణ పొందిన చేతులతో కీలును క్రమపద్ధతిలో కదిలించి, కండరాల నొప్పిని తగ్గించే విధానాన్ని వైద్యరంగంలో మాన్యువల్ థెరపీ అని పిలుస్తున్నారు. తెలుగులో దీన్ని హస్తచికిత్స అనవచ్చు. భౌతిక చికిత్సలో, అంటే ఫిజియోథెరపీలో, ఇది ఒక ప్రధాన విభాగం.

2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా సుమారు 3.8 లక్షలు. వారిలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఈ దీవుల్లోనైనా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రామాల్లోనైనా హస్తచికిత్స గురించి ప్రజలు తెలుసుకోవలసినవి ముఖ్యంగా రెండు ఉన్నాయి. చేతులతో కలిగే ఉపశమనం కొద్ది కాలమే ఉంటుంది, దాన్ని నిలబెట్టేది రోగి స్వయంగా చేసే వ్యాయామం. ప్రతి నొప్పీ చేతితో తీరదు, కొన్ని నొప్పుల విషయంలో మర్దనకు వెచ్చించిన సమయమే ప్రాణాంతకం కావచ్చు.

కీలు ఎందుకు బిగుసుకుంటుంది?

రెండు ఎముకలు కలిసే చోట నునుపైన మృదులాస్థి, దాని చుట్టూ సంచి వంటి పొర, ఆ సంచిలో కందెనలా పనిచేసే ద్రవం ఉంటాయి. వెలుపల స్నాయువులు, కండరాలు కీలును పట్టి ఉంచుతాయి. గాయం, వాపు, శస్త్రచికిత్స, ఎముక విరిగినప్పుడు వేసిన కట్టు, లేదా నొప్పికి భయపడి చాలా రోజులు కదిలించకపోవడం వల్ల ఆ సంచి ముడుచుకుంటుంది. చుట్టూ ఉన్న కండరాలు కాపలా కాస్తున్నట్లు బిగుసుకుంటాయి. నొప్పి వల్ల కదలిక తగ్గుతుంది. కదలిక తగ్గిన కొద్దీ బిగువు పెరుగుతుంది.

కీలు కదలికలో కంటికి కనిపించని అంశం మరొకటి ఉంది. చేతిని పక్కకు పైకెత్తినప్పుడు భుజపు ఎముక గుండ్రని తల, లోతు తక్కువైన గూటిలో పైవైపు దొర్లుతుంది. దొర్లడం ఒక్కటే జరిగితే, చిన్న పళ్లెంలో వేసిన గోళీ అంచు దాటి పోయినట్లు, ఆ ఎముక పైనున్న భాగాలను ఒరుసుకుంటుంది. అందుకే అది దొర్లుతూనే కిందికి కొద్దిగా జారుతుంది. ఈ జారుడు కొన్ని మిల్లీమీటర్లకు మించదు. మనం కావాలని ప్రయత్నించి దాన్ని విడిగా చేయలేం. సంచి ముడుచుకున్నప్పుడు మొదట దెబ్బతినేది ఈ జారుడే. చికిత్సకుడు తన చేతులతో ప్రధానంగా తిరిగి తెప్పించడానికి ప్రయత్నించేది కూడా దీన్నే.

చేతులు చేసే పని

హస్తచికిత్స పరీక్షతో మొదలవుతుంది. నొప్పి ఎప్పుడు మొదలైంది, రాత్రి నిద్రలో వస్తుందా, ఏ కదలికతో పెరుగుతుంది వంటి ప్రశ్నలకు సమాధానాలు తెలుసుకున్న తరువాత, కీలు ఎన్ని డిగ్రీలు కదులుతోందో గోనియోమీటర్ అనే కోణమాపకంతో కొలుస్తారు. ప్రతి దశ తరువాత మళ్లీ కొలుస్తారు. కొలత మారితే అదే పద్ధతిని కొనసాగిస్తారు, మారకపోతే పద్ధతిని మారుస్తారు. పరీక్షించకుండానే నేరుగా నొక్కడం మొదలుపెట్టడం ఈ శాస్త్రంలో లేదు.

ఆస్ట్రేలియాకు చెందిన జెఫ్రీ మైట్లాండ్ రూపొందించిన శ్రేణుల విధానం నేడు ప్రపంచవ్యాప్తంగా బోధనలో ఉంది. మొదటి శ్రేణిలో కదలిక ఆరంభంలోనే అతి చిన్న ఊపు ఇస్తారు. రెండో శ్రేణిలో బిగువును తాకకుండా పెద్ద ఊపు ఇస్తారు. ఈ రెండింటినీ ముఖ్యంగా నొప్పి తగ్గించడానికి వాడతారు. మూడో శ్రేణిలో ఊపు బిగువు ఉన్న హద్దు వరకు వెళుతుంది. నాలుగో శ్రేణిలో ఆ హద్దు వద్దనే చిన్న ఊపులు ఇస్తారు. బిగుసుకున్న కీలును వదులు చేయడానికి ఇవి ఉపయోగపడతాయి. ఐదో శ్రేణిలో అతి వేగంగా, అతి తక్కువ దూరం ఒక్క తోపు ఇస్తారు. మొదటి నాలుగింటిలో రోగి ఏ క్షణంలోనైనా ఆపమనవచ్చు. ఐదోదానిలో ఆ అవకాశం లేదు కనుక దానికి అధిక శిక్షణ, రోగి స్పష్టమైన అనుమతి తప్పనిసరి.

కండరాలకు వేరే పద్ధతులు ఉన్నాయి. నొప్పి కేంద్రీకృతమైన బిందువుపై నిలకడగా ఒత్తిడి ఉంచడం, కండరాన్ని నెమ్మదిగా సాగదీయడం, చికిత్సకుడి చేతికి ఎదురుగా రోగి కొన్ని సెకన్లు తేలికగా బలం ప్రయోగించి వదిలిన వెంటనే మరికొంత సాగదీయడం వాటిలో కొన్ని.

'టక్'మనే శబ్దం వెనుక

ఐదో శ్రేణి తోపు ఇచ్చినప్పుడు వినిపించే 'టక్'మనే శబ్దాన్ని పక్కకు తొలగిన ఎముక స్వస్థానానికి చేరడంగా చాలామంది భావిస్తారు. ఇది అపోహ. కీలు ఉపరితలాలు హఠాత్తుగా ఎడమైనప్పుడు లోపలి ద్రవంలో పీడనం పడిపోయి వాయుకుహరం ఏర్పడుతుంది. కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో వేలి కీళ్లను ఎంఆర్ఐలో ప్రత్యక్షంగా చిత్రీకరించి దీన్ని చూపారు. శబ్దం వచ్చినంత మాత్రాన చికిత్స ఫలించినట్లు కాదు, రాకపోతే విఫలమైనట్లూ కాదు.

మరి ఉపశమనం ఎలా కలుగుతుంది? చర్మం, కండరం, కీలు నుంచి వచ్చే స్పర్శ సంకేతాలు వెన్నుపాము స్థాయిలోనే నొప్పి సంకేతాలను కొంత అణచగలవని రొనాల్డ్ మెల్జాక్, ప్యాట్రిక్ వాల్ 1965లో ప్రతిపాదించారు. దెబ్బ తగిలిన చోట చేత్తో రుద్దుకుంటే కాస్త హాయిగా ఉండటానికి కారణం ఇదే. హస్తచికిత్సతో నాడీవ్యవస్థ కాసేపు శాంతిస్తుంది, కండరాల కాపలా సడలుతుంది. ఆ ప్రభావం కొన్ని గంటలో, కొన్ని రోజులో ఉంటుంది. ఆ వ్యవధిలో రోగి కొత్తగా లభించిన కదలికను వాడుకోకపోతే కీలు మళ్లీ పాత స్థితికి చేరుతుంది.

బెణుకు వైద్యం నుంచి విశ్వవిద్యాలయాల వరకు

చేతితో నొప్పిని తీర్చే విద్య ప్రతి సమాజంలోనూ ఉంది. తెలుగునాట బెణుకులు, ఇరుకులు పట్టేవారు, శల్యవైద్యులు ఊరూరా ఉండేవారు. చిత్తూరు ప్రాంతపు పుత్తూరు కట్టు దక్షిణ భారతమంతటా ప్రసిద్ధి పొందింది. అయితే కట్టుకు, హస్తచికిత్సకు లక్ష్యాలు వేరు. విరిగిన ఎముక అతకాలంటే కదలకూడదు, కట్టు చేసే పని అదే. కట్టు విప్పిన తరువాత మోచేయో, మణికట్టో వంగకపోతే హస్తచికిత్స అవసరం వస్తుంది. ఎముక అతికిందని నిర్ధారించుకోకుండా కీలును బలవంతంగా వంచితే మొదటికే మోసం వస్తుంది.

ఆధునిక భౌతిక చికిత్సకు పునాదులు ఐరోపాలో పడ్డాయి. పెర్ హెన్రిక్ లింగ్ 1813లో స్టాక్‌హోమ్‌లో వ్యాయామ చికిత్సా సంస్థను నెలకొల్పాడు. బ్రిటన్‌లో 1894లో నలుగురు నర్సులు శిక్షణ పొందిన మర్దన నిపుణుల సంఘాన్ని ప్రారంభించారు. భారతదేశంలో 1950వ దశకం ఆరంభంలో, పోలియో బాధితుల పునరావాసం అవసరమైన రోజుల్లో, ముంబయిలోని కెఈఎం ఆసుపత్రిలో ఈ శిక్షణ మొదలైంది. వెన్నెముకపై మైట్లాండ్ గ్రంథం 1964లో వెలువడగా, ఈ విభాగానికి అంతర్జాతీయ సమాఖ్య 1974లో ఏర్పడింది.

పరిశోధనలు చెబుతున్నదేమిటి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో 61.9 కోట్ల మంది నడుము నొప్పితో బాధపడ్డారు. 2050 నాటికి ఈ సంఖ్య 84.3 కోట్లకు చేరవచ్చు. దీర్ఘకాలిక నడుము నొప్పిపై ఆ సంస్థ 2023 డిసెంబరులో మార్గదర్శకాలు విడుదల చేసింది. రోగికి అవగాహన కల్పించడం, వ్యాయామం, మానసిక తోడ్పాటుతో పాటు వెన్నెముక హస్తచికిత్సను, మర్దనను కూడా పరిగణించదగిన పద్ధతులుగా పేర్కొంది. నడుము పట్టీలు, సాగదీసే ట్రాక్షన్ యంత్రాలు, అల్ట్రాసౌండ్ చికిత్స వంటివాటిని సాధారణంగా వాడవద్దని సూచించింది. యంత్రాల కింద పడుకోబెట్టి పంపించే చికిత్స కంటే, రోగి పాల్గొనే చికిత్సకే ఈ మార్గదర్శకాలు మొగ్గు చూపాయి.

మోకాలి అరుగుదలపై అమెరికా సైనిక వైద్యశాలల్లో 156 మందిపై జరిగిన అధ్యయనం 2020లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడింది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ తీసుకున్నవారి కంటే హస్తచికిత్స, వ్యాయామం కలిపి పొందినవారిలో ఏడాది తరువాత నొప్పి, పనికి ఆటంకం తక్కువగా ఉన్నట్లు తేలింది. ఇక్కడ పరీక్షించినది రెండూ కలిసిన చికిత్సను, కేవలం చేతి పనిని కాదు.

పట్టేసిన భుజం విషయంలో ఫలితాలు మరింత ఆలోచింపజేస్తాయి. మధుమేహం ఉన్నవారిలో ఈ సమస్య ఎక్కువగా కనిపిస్తుంది. మొదట తీవ్రమైన నొప్పి, తరువాత బిగువు, చివరకు నెమ్మదిగా సడలింపు అనే మూడు దశల్లో ఏడాది నుంచి మూడేళ్ల వరకు సాగవచ్చు. బ్రిటన్‌లో 503 మందిపై జరిపి 2020లో ప్రచురించిన అధ్యయనంలో మత్తుమందిచ్చి భుజాన్ని కదిలించడం, శస్త్రచికిత్స, స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో కూడిన క్రమబద్ధ ఫిజియోథెరపీ అనే మూడు మార్గాలను పోల్చారు. ఏడాది తరువాత వాటిలో ఏదీ మిగిలినవాటికంటే చెప్పుకోదగినంత మెరుగైనదిగా తేలలేదు. కోతకు వెళ్లే ముందు ఫిజియోథెరపీని ప్రయత్నించడం సహేతుకమని దీనివల్ల అర్థమవుతుంది. తీవ్రమైన నొప్పి దశలో మాత్రం బలవంతంగా వంచడం నొప్పిని మరింత పెంచుతుంది. అప్పుడు మొదటి, రెండో శ్రేణుల సున్నితమైన ఊపులకే పరిమితం కావాలి.

అండమాన్‌లో ముందుగా వేయవలసిన మూడు ప్రశ్నలు

కండరాల నొప్పి అనగానే చేయి వేయడానికి ముందు, ఈ దీవుల్లో మూడు విషయాలు విచారించడం అత్యవసరం.

మొదటి ప్రశ్న: జ్వరం ఉందా? వానకాలంలో బురదలో, నిలువనీటిలో పనిచేసినవారికి హఠాత్తుగా జ్వరం, పిక్కల్లోనూ నడుములోనూ భరించలేని నొప్పి, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే అది లెప్టోస్పైరోసిస్ కావచ్చు. ఎలుకలు, పశువుల మూత్రంతో కలుషితమైన నీటి ద్వారా ఇది సోకుతుంది. ఒకప్పుడు అండమాన్ రక్తస్రావ జ్వరంగా పిలిచిన అంతుచిక్కని వ్యాధి ఇదేనని 1990వ దశకంలో పరిశోధకులు నిర్ధారించారు. సకాలంలో యాంటీబయాటిక్ ఇస్తే నయమవుతుంది. ఆలస్యమైతే కాలేయం, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. పిక్కల నొప్పికి రెండు రోజులు నూనె రాసి చూద్దామనుకుంటే ఆ రెండు రోజులే కీలకం కావచ్చు.

రెండో ప్రశ్న: ఇటీవల జ్వరం తగ్గాక కీళ్లు వాచాయా? 2006లో అండమాన్‌లోనూ, అంతకు కొద్ది ముందు ఆంధ్రప్రదేశ్‌లోనూ చికున్‌గున్యా ప్రబలింది. ఈ వ్యాధిలో జ్వరం పోయినా కీళ్ల నొప్పులు నెలల తరబడి వేధిస్తాయి. కీళ్లు వేడిగా, వాచి ఉన్న దశలో గట్టిగా కదిలించడం తగదు. వైద్యుడి సలహాపై వాపు తగ్గిన తరువాత మృదువైన కదలికలు, క్రమంగా వ్యాయామం మేలు చేస్తాయి.

మూడో ప్రశ్న: సముద్రంలో లోతుకు దిగారా? సిలిండర్ ధరించి చేసే స్కూబా డైవింగ్ తరువాత, ముఖ్యంగా మొదటి 24 గంటల్లో, భుజంలోనో, మోచేతిలోనో, మోకాలిలోనో లోతైన నొప్పి వస్తే అది రక్తంలో, కణజాలంలో నత్రజని బుడగలు ఏర్పడటం వల్ల కావచ్చు. దీనికి మర్దన చికిత్స కాదు. ఆక్సిజన్ ఇస్తూ అధిక పీడన గదిలో చికిత్స చేయగల ఆసుపత్రికి వెంటనే చేర్చాలి. ఎంత లోతుకు, ఎంతసేపు దిగారో వైద్యుడికి చెప్పాలి.

ఎక్కడి వారైనా గమనించవలసిన ప్రమాద సూచనలు మరికొన్ని ఉన్నాయి. మూత్రవిసర్జనపై అదుపు తప్పడం, తొడల మధ్య స్పర్శ పోవడం, కాలు బలహీనపడటం వెన్నుపాము నుంచి వెళ్లే నరాలపై తీవ్రమైన ఒత్తిడికి సంకేతాలు. రాత్రివేళ తగ్గని నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం వెన్నెముక క్షయకో, క్యాన్సర్‌కో సూచన కావచ్చు. ఒకే కాలు వాచి, పిక్క వేడిగా ఉంటే అది సిరలో గడ్డకట్టిన రక్తం కావచ్చు. అక్కడ మర్దన చేస్తే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. ఎముకలు బాగా గుల్లబారినవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

మెడ విషయంలో ప్రత్యేక జాగ్రత్త

మెదడు వెనుక భాగానికి రక్తం చేరవేసే రెండు ధమనులు మెడ వెన్నుపూసల్లోని రంధ్రాల గుండా పైకి వెళతాయి. మెడను హఠాత్తుగా తిప్పినప్పుడు వాటి లోపలి పొర చిరిగి, రక్తం గడ్డకట్టి పక్షవాతానికి దారితీయవచ్చు. ఇది అరుదే అయినా, జరిగితే నష్టం పూడ్చలేనిది. 2022లో హైదరాబాద్‌లో ఒక మహిళ బ్యూటీ పార్లర్‌లో తల వెనక్కి వంచి జుట్టు కడిగించుకున్న తరువాత పక్షవాతానికి గురైన ఉదంతం విస్తృతంగా చర్చకు వచ్చింది. మెడను ఎక్కువసేపు వెనక్కి వంచి ఉంచడమే ప్రమాదం కాగలిగినప్పుడు, క్షౌరశాలల్లో తల పట్టుకుని ఒక్క ఉదుటున మెడ విరిపించుకునే అలవాటు మానుకోవడం మంచిది. మెడ తిప్పిన తరువాత తల తిరగడం, చూపు రెండుగా కనిపించడం, మాట తడబడటం, నడకలో తూలడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఎవరి చేతిలో పెట్టాలి?

ఫిజియోథెరపీ పట్టా నాలుగేళ్లకు పైబడిన చదువు. అనుబంధ ఆరోగ్య వృత్తులను క్రమబద్ధం చేసేందుకు పార్లమెంటు 2021లో జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. ఫిజియోథెరపిస్టులు దీని పరిధిలోకి వస్తారు. విద్యాప్రమాణాలు, నమోదు పట్టికల నిర్వహణ దీని లక్ష్యాలు. చికిత్సకు ముందు అర్హత ఏమిటని అడగడం రోగి హక్కు. 'ఎముక పక్కకు జరిగింది, జీవితాంతం వారం వారం సరిచేయించుకోవాలి' అని చెప్పేవారిని ప్రశ్నించాలి. కొన్ని దఫాల తరువాత కూడా కొలతల్లో మార్పు లేకపోతే చికిత్సా ప్రణాళిక మారాలి, లేదా రోగిని వైద్యుడి వద్దకు పంపాలి.

ఆసుపత్రి దూరమైనప్పుడు

అండమాన్‌లో ప్రధాన ప్రభుత్వ ఆసుపత్రి అయిన జి.బి.పంత్ ఆసుపత్రి శ్రీ విజయపురంలో ఉంది. రోజూ పనికి వెళ్లవలసిన వ్యక్తికి వండూర్ నుంచి వారానికి మూడు సార్లు వెళ్లిరావడం భారమే. తెలుగు రాష్ట్రాల్లో మన్యం గ్రామాల పరిస్థితీ ఇటువంటిదే. ఇక్కడ ఈ శాస్త్రం తేల్చిన విషయం రోగికి అనుకూలంగా ఉంది: కదలికను నిలిపేది ఇంటి వద్ద చేసే సాధన కనుక, చికిత్సకుడిని కలిసిన ప్రతిసారీ చేయించుకున్నదానికంటే నేర్చుకున్నదే విలువైనది. ఈ-సంజీవని వంటి దూరవైద్య సేవల ద్వారా మధ్యమధ్య వైద్యుడి సలహా పొందే వీలూ ఉంది.

పట్టేసిన భుజానికి సాధారణంగా నేర్పే వ్యాయామాలకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ముందుకు వంగి, మంచి చేతిని బల్లపై ఆన్చి, నొప్పి ఉన్న చేతిని లోలకంలా వేలాడదీసి నెమ్మదిగా ఊపడం ఒకటి. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో మెట్లెక్కినట్లు చేతిని పైకి తీసుకెళ్లి, చేరిన ఎత్తును సుద్దముక్కతో గుర్తించడం మరొకటి. వీపు వెనుక తువ్వాలును రెండు చేతులతో పట్టి పైచేత్తో మెల్లగా లాగడం ఇంకొకటి. చేసేటప్పుడు కొద్దిపాటి సలుపు సహజం. అది మరుసటి రోజు వరకు కొనసాగితే మోతాదు తగ్గించాలి. గోడపై గుర్తు వారానికి వారం పైకి జరుగుతోందా లేదా అన్నదే రోగికి తేలికైన కొలమానం.

పనిలో చేసే చిన్న మార్పులూ నొప్పిని దూరం పెడతాయి. వల లాగేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్లు వంచడం, శరీరాన్ని మెలితిప్పకుండా పాదాలతో సహా తిరగడం, ఒకే భుజంపై కాకుండా మార్చి మార్చి బరువు మోయడం, గంటల తరబడి కూర్చుని పడవ నడిపేవారు మధ్యలో లేచి నిలబడటం అందరికీ సాధ్యమే. నొప్పి వచ్చాక పూర్తిగా మంచం పట్టడం కంటే, ప్రమాద సూచనలు లేవని వైద్యుడు నిర్ధారించిన తరువాత వీలైనంత మేరకు కదులుతూ ఉండటమే త్వరగా కోలుకునే మార్గమని నేటి వైద్యవిజ్ఞానం స్పష్టం చేస్తోంది.